లైబ్రరీలో పాత పుస్తకాలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టొచ్చా?

లైబ్రేరియన్, విజయనగరం: మా దగ్గర పాత తెలుగు పుస్తకాలు ముట్టుకుంటే పొడైపోతున్నాయి, కంప్యూటరంటే ప్రాణమిచ్చే కుర్రాళ్లేమో స్కాన్ చేసి నెట్‌లో పెట్టేద్దాం మేడం అంటున్నారు, నాకూ ఆశగానే ఉంది గానీ కాపీరైట్ అంటే టెన్షన్. ఏవి పెట్టొచ్చు?

జవాబు: రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కేయండి మేడం, అవి దాటితే కాపీరైట్ ఉండదు. గురజాడ 1915లోనే పోయారు, నిశ్చింతగా పెట్టండి. కథల కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 2021లో పోయారు కాబట్టి 2081 చివరిదాకా హక్కుదారుల అనుమతి కావాలి. కొత్త ముద్రణైతే ముందుమాట హక్కు వేరే, చూసుకోండి.

శ్రీకాకుళం నుంచి: నెట్‌లో పెట్టడం వేరు, భద్రపరచడం వేరు. అచ్చు ప్రతి ఉన్న లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం దాచుకోవడానికి డిజిటల్ కాపీ చేసుకోవచ్చని కాపీరైట్ చట్టానికి చేసిన 2012 సవరణలోనే ఉంది. పొడైపోతున్నవి ముందు స్కాన్ చేయించండి, ఆగితే దక్కవు.

లైబ్రేరియన్: అయితే గురజాడతోనే మొదలెడతాం. పిల్లలు వికీసోర్స్‌లో, అంటే పుస్తకాల్ని అందరికీ ఉచితంగా ఉంచే వెబ్‌సైట్‌లో, టైపు చేస్తామంటున్నారు, ఉత్త పీడీఎఫ్ కంటే అదే మేలు, పదం వెతికితే దొరుకుతుంది.