ఎగ్జిట్ కొట్టినా మెనూ పోవట్లేదు

అందరికీ నమస్కారం. ఆగస్టులో డాలస్ వచ్చాను, ఎంఎస్ మొదటి సెమిస్టర్. బీటెక్‌లో మెకానికల్, జావా ప్రోగ్రామింగ్ ఇక్కడే మొదలుపెట్టాను. బ్యాంకు ఖాతా మెనూ రాశాను: 1 డిపాజిట్, 2 విత్‌డ్రా, 3 బ్యాలెన్స్, 4 ఎగ్జిట్. 4 కొట్టినా మళ్లీ మెనూయే వస్తోంది. పొరపాటున అక్షరం కొడితే స్క్రీన్ ఆగకుండా పరిగెడుతోంది. ఎల్లుండి సబ్మిషన్, బాగా టెన్షన్‌గా ఉంది.

జవాబు, ప్లేనో నుంచి:
తమ్ముడూ, ముందు అన్నం తిను. 4 కింద బ్రేక్ రాసి ఊరుకున్నావు కదూ? ఆ బ్రేక్ స్విచ్‌లోంచి (ఏ అంకెకు ఏ పని అని ఎంచే భాగం) మాత్రమే బయటపడేస్తుంది, చుట్టూ ఉన్న వైల్ లూప్ (మెనూను మళ్లీ మళ్లీ తిప్పేది) మామూలుగా తిరుగుతూనే ఉంటుంది. వంటింట్లోంచి వసారాలోకి వచ్చి ఊరు దాటాననుకున్నట్టు. డూ వైల్ వాడి, చాయిస్ 4 కానంతవరకు తిరగమని చివర షరతు పెట్టు. చాయిస్‌ను మాత్రం డూ కంటే పైన డిక్లేర్ చెయ్యి. బ్రాకెట్ల లోపల చేస్తే షరతు దగ్గర ఆ పేరే తెలియదంటుంది కంపైలర్ (కోడ్‌ను అనువదించే ప్రోగ్రామ్). లూప్‌కు లేబుల్ పెట్టి బ్రేక్ పక్కన ఆ పేరు రాసినా నడుస్తుంది గానీ నాకు నచ్చదు.

అక్షరం గొడవ వేరు. కీబోర్డు నుంచి సంఖ్య చదివే నెక్స్ట్‌ఇంట్‌కు అంకె కావాలి. అక్షరం కనపడగానే ఎక్సెప్షన్ (తప్పు జరిగిందన్న సంకేతం) విసురుతుంది, కానీ ఆ అక్షరాన్ని తీసెయ్యదు. నువ్వు దాన్ని అందుకునే క్యాచ్‌లో పట్టుకుని మళ్లీ చదివితే అదే అక్షరం గుమ్మంలో నిలబడి ఉంటుంది. క్యాచ్‌లో ఒక నెక్స్ట్‌లైన్ (లైను మొత్తం చదివేది) పిలిచి ఆ అక్షరాన్ని పారెయ్.

జవాబు, ఎడిసన్ నుంచి:
నేనైతే అన్నీ నెక్స్ట్‌లైన్‌తోనే చదివి పార్స్‌ఇంట్‌తో అంకెగా మారుస్తా. లేకపోతే నెక్స్ట్‌ఇంట్ వదిలేసిన ఎంటర్‌ను తర్వాతి నెక్స్ట్‌లైన్ ఖాళీ లైనుగా చదివేస్తుంది. ఇన్‌పుట్ చదివే స్కానర్‌ను లూప్ లోపల క్లోజ్ చేయకు, కీబోర్డు ఇన్‌పుట్ కూడా దాంతోపాటే మూసుకుపోతుంది.

ఇంకోటి బాబూ. ఎవరైనా సీనియర్ పాత కోడ్ పంపుతానంటే వద్దను. మన దగ్గర ల్యాబ్ రికార్డు చూసి రాసినట్టు కాదిక్కడ, వేరియబుల్ పేర్లు మార్చినా పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి. దొరికితే గ్రేడుతో పోదు. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఆఫీస్ అవర్స్‌కు వెళ్లు. అక్కడ మాత్రం 'డౌట్ ఉంది' అనకు, వాళ్ల మాట మీద నీకు నమ్మకం లేదనుకుంటారు. 'క్వశ్చన్ ఉంది' అను. నేను మొదటి సెమిస్టరంతా డౌట్ డౌట్ అంటూ తిరిగా!

మళ్లీ నేనే:
4 కొడితే ఆగింది అన్నా! వైల్ షరతు చివర సెమికోలన్ మర్చిపోయి ఇంకో పావుగంట పోయింది. అక్కా, పార్స్‌ఇంట్‌కు క్యాచ్‌లో ఏ ఎక్సెప్షన్ రాయాలో రేపు టీఏని అడుగుతా, డౌట్ అనకుండా.