84 అంకె ఉన్న క్రిస్టోఫ్ల్ చెంచాలు: వెండి తూకానికి కొనాలా, నమూనాకి కొనాలా?

తూకంరాళ్ళు:
పారిస్ క్రిస్టోఫ్ల్ కంపెనీ ‘పెర్ల్’ నమూనా (అంచున ముత్యాల వరస ఉండేది) సెట్ ఒకటి అమ్మకానికి ఉంది. 12 పెద్ద చెంచాలు, 12 పెద్ద ఫోర్కులు. కాడ వెనక చదరపు ముద్రలో ఓ, సి అక్షరాలు, చదరంగం గుర్రం, పక్కనే 84. అమ్మేవాళ్ళు అది రష్యా లెక్క, 875 టంచు వెండి (వెయ్యిలో 875 వంతులు వెండే) అంటున్నారు. నా మాట సూటిగా చెప్తా. నమూనా మోజు ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. ఎంత వెండి ఉందో అంతకే డబ్బివ్వాలి. కాదనేవాళ్ళు లెక్కతో చెప్పండి.

గీటురాయి:
ముందు ఆ 84 సంగతి తేల్చుకుందాం. జార్ల కాలపు రష్యాలో వెండి స్వచ్ఛతను జొలొత్నిక్ అనే పాత కొలతలో చెప్పేవాళ్ళు, స్వచ్ఛమైన వెండికి 96. 84 ఉంటే 875 టంచు, నిజమే. కానీ ఆ వస్తువుల మీద పనివాడి అక్షరాలుంటాయి, సాధారణంగా రష్యన్ లిపిలో. చివరి దశాబ్దాల వాటిమీదైతే కోకోష్నిక్ తలపాగా పెట్టుకున్న స్త్రీ తల కూడా ఉంటుంది. మీరు చెప్పిన గుర్రం ముద్ర క్రిస్టోఫ్ల్ 1935 తర్వాత వాడింది. అంతకు ముందువాటి మీద త్రాసు ఉంటుంది. ఈ ముద్ర పక్కన 84 అంటే డజను ‘కువేర్’ల మీద ఎక్కించిన వెండి, గ్రాముల్లో. ఒక చెంచా, ఒక ఫోర్కు కలిస్తే ఒక కువేర్. అంటే 24 వస్తువులకు 84 గ్రాములు, ఒక్కోదానికి మూడున్నర. లోపలిది జర్మన్ సిల్వర్: రాగి, నికెల్, జింకు. మన పూజాసామాన్ల కొట్లలో అదే పేరుతో అమ్మేది ఈ కుటుంబమే.

కంపెనీ పేరు చూసి మాత్రం తేల్చకండి, క్రిస్టోఫ్ల్ అచ్చ వెండివీ చేసింది. ఫ్రాన్సులో అచ్చ వెండి చెంచాకి తయారీదారు ముద్ర నిలువుగా నిలబెట్టిన డైమండు ఆకారంలో ఉంటుంది. 1838 నుంచి దానితోపాటు శిరస్త్రాణం పెట్టుకున్న రోమన్ దేవత మినర్వా తల. పాతవాటిలో ఆ తల దగ్గర 1 ఉంటే 950 టంచు, 2 ఉంటే 800. పూతవాటి ముద్ర చదరం. అరిగిపోయి వంకరగా పడిన చదరాన్ని డైమండు అనుకుని చాలామంది మోసపోతారు. పది రెట్లు పెద్దగా చూపించే లూపుతో (భూతద్దంతో) మినర్వా తల వెతకండి. పెద్ద చెంచా మీద అది లేకపోతే వెండి ధర పెట్టొద్దు.

కొలిమి:
గీటురాయి గారూ, ముద్ర చదవడం రానివాళ్ళకి యాసిడ్ చుక్క చాలదా?

గీటురాయి:
చాలదండీ. ఆ చుక్క తాకేది పైపొరనే. వెండి తగిలితే అది ఎర్రగా తిరుగుతుంది, పూత మీద కూడా అంతే. నిజం తెలియాలంటే లోపలిదాకా ఆకురాయితో గీయాలి, అప్పటికి వస్తువు పాడవుతుంది. నీళ్ళ పరీక్ష మేలు. 0.1 గ్రాము చూపించే త్రాసు మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. ఫోర్కుని దారంతో కట్టి, అడుగు తగలకుండా పూర్తిగా ముంచండి. ఫోర్కు బరువు 80 గ్రాములైతే, 950 వెండికి త్రాసు 7.7 దగ్గర ఆగుతుంది, జర్మన్ సిల్వర్‌కి 9.2 దగ్గర. గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, వేలితో తుడిచి ముంచండి. కత్తులకు ఈ పరీక్ష పనికిరాదు. పిడి బోలు, పలక స్టీలు.

తూకంరాళ్ళు:
సరే, గ్రాములే. గ్రాము 100 అనుకుంటే 84 గ్రాములకు 8,400. అంతకు మించి ఎందుకివ్వాలి?

నగిషీ:
ఆ 8,400 కూడా మీ చేతికి రాదండీ. 84 అనేది ఫ్యాక్టరీ గడప దాటిన రోజు లెక్క, ఇవాళ మిగిలింది కాదు. పైగా ఆ వెండి తీయాలంటే దాదాపు రెండు కిలోల లోహాన్ని ఆమ్లంలో ముంచాలి. నైట్రిక్ యాసిడ్ వెండితోపాటు రాగినీ కరిగిస్తుంది. ఎర్రటి విషవాయువులు వస్తాయి, ఇంట్లో చేసే పని కానే కాదు. ఖర్చు పోను మిగిలేది కొంచెమే.

పెర్ల్, మాల్మెజోఁ, మార్లీ నమూనాలు కంపెనీ ఇప్పటికీ చేస్తోంది. ఇంట్లో ఒక ఫోర్కు పోయినవాళ్ళు దానికి జోడు వెతుక్కుంటారు. అందుకే ఈ సెట్‌కి ధర. భోజనం సైజువి ముందు అమ్ముడుపోతాయి, చేప కత్తులు ఆలస్యంగా. వేరొకరి ఇంటి పొడి అక్షరాలుంటే ధర తగ్గుతుంది.

ఆ అక్షరాలు ఎక్కడుంటాయో కూడా చూడండి. ఫ్రెంచివాళ్ళు ఫోర్కుని ముళ్ళు కిందికి, చెంచాని గుంట కిందికి పెట్టి పరుస్తారు, అందుకని అక్షరాలు కాడ వెనక చెక్కిస్తారు. ముందువైపు ఫొటోలు మాత్రమే పెట్టిన ప్రకటన చూసి కొనొద్దు. అరుగుదల కూడా బల్లకు ఆనే చోటే మొదలవుతుంది: ఫోర్కు ముళ్ళ కొసలు, చెంచా గుంట అడుగు. జర్మన్ సిల్వర్ తెల్లనిది కాబట్టి పూత పోయినచోటు ఫొటోలో దొరకదు. పగటి వెలుగులో పసుపు ఛాయ కొడుతుంది.

కొలిమి:
అరిగితే మళ్ళీ పూత వేయించుకోవచ్చు కదా. అరిగినవాటిని చవగ్గా కొని పూత వేయించడమే నా దృష్టిలో తెలివైన బేరం.

నగిషీ:
పెర్ల్ మీద ఒప్పుకోను. పూతకు ముందు పాత వెండి తీసి చక్రం మీద మెరుగు పెడతారు. అంచున ఉన్న ముత్యాల వరస అక్కడే చదునైపోతుంది, గింజకీ గింజకీ మధ్య గాడి పూడిపోతుంది. ఇక మందం చూడండి. పెద్ద చెంచా ఉపరితలం సుమారు 100 చదరపు సెంటీమీటర్లు. మూడున్నర గ్రాములు పరిస్తే 33 మైక్రాన్లు. చవక పూత వేసేవాళ్ళు అందులో పదో వంతు వేసి తళతళలాడించి ఇస్తారు. కొద్దికాలానికే మళ్ళీ పసుపు. చెంచాకి ఎన్ని గ్రాములు ఎక్కిస్తారో ముందే అడిగి, పూతకు ముందూ తర్వాతా తూయించండి.

కొలిమి:
నగిషీ ఎక్కువున్నవాటి సంగతి ఒప్పుకుంటా. అంచు సాదాగా ఉన్న నమూనాలకు మాత్రం నా మాట మీదే ఉంటా. మెరుగుకు చెడిపోయే నగిషీ వాటికి లేదు, కంపెనీ మానేసిన నమూనాలైతే పాతవి తప్ప దిక్కూ లేదు.

తూకంరాళ్ళు:
24కి 24 బాగుంటే నమూనా ధర ఇస్తాను. ముళ్ళు పొట్టివైనవి, గుంట అడుగు పసుపెక్కినవి మాత్రం విడిగా తీసిపెట్టి లోహం లెక్కే కడతాను. వెనకవైపు ఫొటోలు అమ్మేవాళ్ళని అడిగాను, రాగానే ఇక్కడ పెడతా.