ఎర్రపొలం, వాననీరు: కలిసింది మనసులేనా?

నత్తగుల్ల: ప్రాచీన తమిళ సంగం కవిత్వం, కురుంతొగై అనే సంకలనంలో 40వ పద్యం. అయిదే పాదాలు. నా తెలుగు ఇది:

మా అమ్మ మీ అమ్మకు ఏమవుతుంది?
మా నాన్న మీ నాన్నకు ఏ వరసన చుట్టం?
నువ్వూ నేనూ ఒకరినొకరం ఎలా ఎరుగుదుం?
ఎర్రపొలంలో కురిసిన వాననీరులా
వలపున్న మనసులు వాటికవే కలిసిపోయాయి.

ఇది దేహాల కలయిక గురించని కొందరంటారు, కానీ ఇందులో దేహం ఊసే లేదు. ప్రతి ప్రేమ పద్యాన్నీ పడకటింటికి ఈడ్చకండి.

పాతప్రతి: లేదా? పద్యంతో పాటు వచ్చే సందర్భవాక్యం చదవండి. తొలి కలయిక అయింది. విడిచిపోతాడేమోనని ఆమె బెదిరింది. అది కనిపెట్టి అతనంటున్న మాట ఇది. తిణై, అంటే సంగం కవులు ఒక్కో ప్రేమదశకు కేటాయించిన నేల, ఇక్కడ కురింజి: కలయికకు కేటాయించిన కొండనేల. నేల మీద వాన పడటం దేహం కాకపోతే మరేమిటి?

చెలకమన్ను: బురదనీళ్లు గ్లాసులో పెడితే తేరుకుంటాయి కదండీ. మరి ఈ పద్యానికి అందరూ చెప్పే ‘విడదీయలేని కలయిక’ అన్న అర్థం ఎలా కుదిరింది?

నత్తగుల్ల: కవిత్వాన్ని గ్లాసులో పోసి చూస్తారా!

చెలకమన్ను: చూస్తే తప్పేంటి? సీసాలో పిడికెడు ఎర్రమట్టి వేసి, నిండా నీళ్లు పోసి గిలక్కొట్టండి. ఇసుక నిమిషంలో అడుక్కి పోతుంది, ఒండ్రుకు కొన్ని గంటలు. 0.002 మిల్లీమీటర్ల కన్నా సన్నని బంకరేణువులు మాత్రం రోజుల తరబడి తేలుతూనే ఉంటాయి. బోరునీళ్లతో చేయకండి. వాటిలోని ఉప్పులకు రేణువులు ముద్దకట్టి తొందరగా దిగిపోతాయి. వాననీళ్లు పట్టండి. పద్యంలో ఉన్నదీ ‘పెయల్ నీర్’, వాననీరే. అంటే నా అనుమానానికి నేనే జవాబు చెప్పుకున్నట్టయింది.

రావిచెట్టు: మూలంలో ఎర్రపొలానికి ‘చెంబులం’ (చెం + పులం) అని ఉంది కదా. ఆ ‘చెం’ అంటే ఎరుపేనా, మంచి అనా?

పాతప్రతి: ఎరుపే. మన చెంగలువ, చెందామరల్లో ఉన్న చెం అదే. పులం మన పొలమే. అసలు పేరు తెలియని కవిని ఈ పోలికతోనే ‘సెంబులప్పెయల్‌నీరార్’ అన్నారు.

నత్తగుల్ల గారూ, మీ చివరి పాదం తప్పు. మూలంలో ‘తామ్ కలందనవే’. కలందన అంటే కలిశాయి, అంతే. చివరి ఏకారం అకవల్ ఛందస్సులో ముగింపు అలవాటు. ఆ ‘పోయాయి’ మీరు తగిలించిందే. దాంతో ఇక తిరుగులేదన్న అర్థం వచ్చి కూర్చుంది. పోయిన నెల నా అనువాదాన్ని ‘పంతులు తెలుగు’ అని వెక్కిరించిన వారు మీరే.

నత్తగుల్ల: వెక్కిరించాను, ఇప్పుడూ అంటాను. సందర్భవాక్యం తర్వాతివాళ్లు చేర్చింది. అది తీసేసి చదవండి, దేహం ఎక్కడుందో చూపించండి.

పాతప్రతి: తీసేస్తే మాట్లాడేది మగవాడని కూడా తెలియదు! ‘యాన్, నీ’, నేనూ నువ్వూ, అంతే ఉంది.

గోరింట: మీ ఇద్దరి గొడవ దేహం గురించి కాదు, అతన్ని నమ్మాలా వద్దా అని. అతను అడిగిన మూడు ప్రశ్నల్లో రెండు చుట్టరికం గురించి. ‘మురై’ అంటే వరస. వరస చూసి పిల్లనిచ్చే చోట ‘మనకు ఏ వరసా లేదు’ అనడం ఆమెకు ధైర్యమా, భయమా? వాన వెలిసిపోతుంది. నేల అక్కడే ఉంటుంది.

పాతప్రతి: రంగు మారింది ఎవరికి? నేలకు కాదు, నీటికి. వచ్చినవాడు నీరైతే మారిపోయింది అతనే. నీలో కలిశాక నేను నేనుగా లేనని చెప్పుకుంటున్నాడు. ఇంతకన్నా మాట ఏమిస్తాడు?

గోరింట: ఎవరు నీరో, ఎవరు నేలో పద్యం చెప్పలేదు. మీరు పంచిపెట్టారు.

నత్తగుల్ల: గోరింట గారన్నది నిజం. ఆమె భయం నాకు ఇష్టం లేకే సందర్భవాక్యం వద్దన్నానేమో. చివరి పాదం ‘వాటికవే కలిశాయి’ అని మార్చాను. దేహం సంగతి మాత్రం ఒప్పుకోను.

చెలకమన్ను: చిల్లగింజ అరగదీసి నీళ్లలో కలిపితే ఆ బంకరేణువులు కూడా దిగుతాయి. పటిక అయితే ఇంకా త్వరగా.

గోరింట: ఆ పిల్లకు చెప్పకండి.