చిలీలో నియంతృత్వం పోయాక సోషల్ వర్కర్లు ఏం చేశారు?

ప్రశ్న: ఎంఎస్‌డబ్ల్యూ చదువుతున్నానండి, 1990లో నియంత పినోచెట్ దిగిపోయాక అక్కడ సోషల్ వర్క్ ఎలా మారిందో ఎవరైనా చెప్తారా?

జవాబు: అసలు పని ముందే మొదలైందండి. 1976లో కార్డినల్ సిల్వా ఎన్రికెస్ పెట్టిన వికారియా దె లా సొలిదారిదాద్ అనే క్యాథలిక్ చర్చి మానవ హక్కుల ఆఫీసులో సోషల్ వర్కర్లు, లాయర్లు కలిసి, ప్రభుత్వం పట్టుకెళ్లాక మాయమైనవాళ్ల కుటుంబాలు చెప్పింది విని ప్రతి కేసూ రాసి దాచారు, ఆ ఫైళ్లే తర్వాత ఆ హత్యలు, అదృశ్యాల మీద నిజాలు తేల్చిన రెట్టిగ్ కమిషన్‌కి బాగా పనికొచ్చాయి. ప్రాణాలకి తెగించి రాసినవి అవి!

ఇంకో జవాబు: కమిషన్ రిపోర్ట్ 1991లో వచ్చింది, అదే ఏడాది ప్రైస్ (PRAIS) అనే హెల్త్ ప్రోగ్రాం మొదలైంది, బాధితులకి, ఇంట్లోవాళ్లకి ఉచిత వైద్యం, మానసిక సాయం కూడా. కానీ పినోచెట్ 1998 దాకా సైన్యాధిపతిగానే ఉన్నాడు, మరి ఆ బాధితులకి భయం ఎలా పోతుంది చెప్పండి?

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండి. ఆ ఫైళ్లు ఇప్పుడెక్కడున్నాయి?

జవాబు: శాంటియాగోలోనే. 1992లో వికారియా మూసేశాక ఒక ఫౌండేషన్ చూసుకుంటోంది.