రక్తంలో మత్తుమందుల స్క్రీనింగ్: మీ ల్యాబులో ఎలా చేస్తున్నారు?

నైట్‌డ్యూటీ:
మాది చిన్న ల్యాబ్. మొన్న రాత్రి కల్లు తాగి పడిపోయిన మనిషి శాంపిల్ వచ్చింది. మూత్రం దొరకలేదు, రక్తమే. ఉన్నది మూత్రం కిట్టు. సరే చూద్దామని సీరం (గడ్డకట్టిన రక్తం మీది తేట) రెండు చుక్కలు వేశా. బెంజోలు (ఆల్ప్రాజోలం, డయాజెపామ్ లాంటి మత్తు మాత్రల జాతి) నెగెటివ్. డాక్టరు గారేమో చూస్తే ఆల్ప్రాజోలం లాగే ఉందంటున్నారు. తప్పు కిట్టుదా, నాదా?

గాజుగొట్టం:
ఏమీ అనుకోకు తమ్ముడూ, నీదే. మూత్రం కిట్లలో బెంజోలకు కటాఫ్ (పాజిటివ్ చూపడానికి ఉండాల్సిన కనీస మోతాదు) మామూలుగా మిల్లీలీటరుకు 200 లేదా 300 నానోగ్రాములు. ఆల్ప్రాజోలం 0.5 నుంచి 3 మిల్లీగ్రాములు మింగినవాడి రక్తంలో అది ఎక్కువలో ఎక్కువ 8 నుంచి 37 నానోగ్రాములు. ఇక కిట్టు మీద గీత ఎలా మారుతుంది?

మేం రక్తాన్ని బఫర్‌తో పలుచన చేసి ఎలీసా (మందును యాంటీబాడీతో పట్టే పరీక్ష) ప్లేటు మీద వేస్తాం. అందులోనూ మెలిక ఉంది. ఆక్సాజెపామ్‌ను చూసి తయారుచేసిన యాంటీబాడీ అయితే లోరాజెపామ్, క్లోనాజెపామ్ జారిపోవచ్చు. పాజిటివ్ వచ్చినా మాస్ స్పెక్‌లో (అణువులను బరువును బట్టి గుర్తుపట్టే యంత్రం) తేలేదాకా రిపోర్టు రాయం.

మాస్‌స్పెక్‌అక్క:
మేం ఎలీసా మానేసి నేరుగా ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌కే (మందులను ముందు ద్రవంలో విడదీసి, తర్వాత మాస్ స్పెక్‌లో చూడటం) వెళ్తున్నాం. 100 మైక్రోలీటర్ల రక్తానికి మూడింతలు చల్లటి అసిటోనైట్రైల్ పోసి తిప్పితే ప్రోటీన్లు ముద్దకట్టి అడుక్కి పోతాయి, పైతేటే ఇంజెక్ట్ చేయడం. వినడానికి సులువే. కానీ ఫాస్ఫోలిపిడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వులు) ఆ తేటలోనే ఉండిపోయి సిగ్నల్‌ను నొక్కేస్తాయి. డయాజెపామ్ పీక్ సగానికి పడిపోతే వారం రోజులు మెషీన్‌నే తిట్టుకున్నాం! ఇప్పుడు డ్యుటీరియం ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్ (అదే మందు, బరువైన హైడ్రోజన్‌తో చేసింది, కొలతకు పోల్చుకోవడానికి) మొదట్లోనే కలుపుతున్నాం. తగ్గితే రెండూ కలిసే తగ్గుతాయి, నిష్పత్తి చెడదు.

కల్లు కేసు అన్నావు కదా, అందులో క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందు కూడా కలుపుతారు. అది బెంజో పరీక్షకు చిక్కదు. ఒంట్లో ట్రైక్లోరోఇథనాల్‌గా మారుతుంది, దాన్ని హెడ్‌స్పేస్ జీసీలో (శాంపిల్ పైన చేరే ఆవిరిని పరీక్షించే యంత్రం) వెతకాలి.

మసాలాడబ్బా:
నేను ల్యాబు మనిషిని కాను. కోడికూరలో గసాలు తింటే పట్టుబడతారంటారు, నిజమేనా?

గాజుగొట్టం:
మూత్రంలో నిజమే. గసాలకు మార్ఫిన్, కోడీన్ అంటుకుని ఉంటాయి. హెరాయిన్ తీసుకుంటే వచ్చే 6-ఎంఏఎం మాత్రం గసాల వల్ల రాదు. అలాగని అది కనబడనంత మాత్రాన హెరాయిన్ కాదనీ అనలేం, రక్తంలోంచి త్వరగా పోతుంది.

నైట్‌డ్యూటీ:
శాంపిల్ ఇంకా ఫ్రిజ్‌లో ఉంది. పెద్ద ల్యాబుకు పంపొచ్చా అక్కా?

మాస్‌స్పెక్‌అక్క:
పంపు. ఏ ట్యూబులో తీశారు? బూడిదరంగు మూతదేనా (ఫ్లోరైడ్ కలిపినది)?

నైట్‌డ్యూటీ:
పసుపు మూత. జెల్ ఉన్నది.

మాస్‌స్పెక్‌అక్క:
అయ్యో. జెల్ కొన్ని మందులను పీల్చేసుకుంటుంది. ఇప్పుడే సీరం వేరే గొట్టంలోకి తీసెయ్. జెల్ మీద ఎన్ని గంటలు ఉందో ఫారమ్‌లో రాసి పంపు.