‘ట్రిమ్’కు తెలుగు మాట: ఒకటి చాలదు

ప్రశ్న (నందికొట్కూరు నుంచి): మా బావ శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో చిన్న మోటారు పడవ నడుపుతాడు. వెనక తగిలించే రకం మోటారు. దాంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగులో రాసిద్దామని కూర్చున్నాను. పేజీ పేజీకీ ‘ట్రిమ్’ అని ఉంది. ‘సమతుల్యం’ అని రాసి వినిపిస్తే, “అది సరేగానీ, ఇప్పుడు నేను దేన్ని తిప్పాల?” అన్నాడు. పడవ ముక్కు ఎగిరెగిరి పడతాంది, పైగా కుడి పక్కకు గుంజుతాంది. ట్రిమ్‌కు సరైన తెలుగు మాట చెప్పండి.

జవాబు (కర్నూలు నుంచి): మీ బావగారు అడిగినదే అసలు ప్రశ్న అన్నా. ఇంగ్లీషువాళ్లు ఒకే మాటతో మూడు పనులు చెప్తున్నారు. మనం ఒక్క మాటే వెతికితే ఆ తికమకను కూడా తెచ్చుకున్నట్టే. మూడు పనులకు మూడు మాటలు పెట్టుకుంటే దేన్ని ముట్టుకోవాలో మాటే చెప్తుంది.

మొదటిది పడవ నీటిమీద సమంగా కూర్చోవడం. దీనికి ‘కుదురు’ అందాం. కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్టనూ కుదురు అంటాం, నిలకడనూ కుదురు అంటాం. మోటారు ఆపి, నిలిచిన నీటిలో పడవను పక్కనుంచి చూడమనండి. వెనక్కి కుంగిందా? ఒక పక్కకు ఒరిగిందా? పెట్రోలు ట్యాంకు, లంగరు, వలలు, మనుషులు అంతా వెనకే చేరితే ముక్కు లేస్తుంది. అడుగున నిలిచిన నీళ్లను తప్పకుండా తోడేయాలి. ముక్కు లేచిన కొద్దీ ఆ నీళ్లు వెనక్కి పారి, వెనక బరువును ఇంకా పెంచుతాయి. ఈ ఒక్కటి చూడకుండా మోటారు మీద చెయ్యి వేయడం దండగ.

రెండోది మోటారు నిలబడే కోణం. దీనికి ‘వంపు’ చాలు. చిన్న మోటార్లలో బిగింపు దగ్గర వరుసగా రంధ్రాలుంటాయి, వాటిలో ఒక అడ్డపిన్ను ఉంటుంది. పిన్ను పడవ వైపు రంధ్రంలో ఉంటే మోటారు కాలు, అంటే నీళ్లలోకి దిగే కింది భాగం, లోపలికి వస్తుంది, ముక్కు దిగుతుంది. బయటి రంధ్రంలో ఉంటే కాలు వెనక్కి పోతుంది, ముక్కు లేస్తుంది. ‘లోపలికి’, ‘బయటికి’ అని రాస్తే చాలు, కొత్త మాటలు అక్కర్లేదు. మరీ బయటికి పోతే మీరు చెప్పినట్టు వేగంలో ముక్కు ఎగిరెగిరి పడుతుంది. మరీ లోపలికొస్తే ముక్కు నీళ్లను దున్నుతుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది, వేగం చస్తుంది. కాబట్టి ముందు కొంత బరువు ముందుకు జరిపి, అప్పటికీ ఆగకపోతే మోటారు ఆపి పిన్నును ఒక్క రంధ్రం లోపలికి మార్చమనండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మూడోది, కొన్ని మోటార్లకు పంకా (ప్రొపెల్లర్) పైన ఉండే బల్లపరుపు పలక కింద వేలాడే చిన్న రెక్క. ఇంగ్లీషులో దీనికీ ట్రిమ్ పేరే. నేను ‘తోకరెక్క’ అంటాను. పంకా తిరుగుడు వల్ల హ్యాండిల్ ఒక పక్కకు గుంజితే దాన్ని సరిచేసేది ఇదే. గుంజుడు కుడికైతే రెక్క వెనక కొసను కొద్దిగా కుడికే తిప్పాలి. తలకిందులుగా అనిపిస్తుంది గానీ, కుడికి తిరిగిన కొసను నీరు ఎడమకు నెడుతుంది, దాంతో మోటారు మీద గుంజుడు తగ్గుతుంది.

అనంతపురం నుంచి ఒకరు: ‘వంపు’ కన్నా ‘వాలు’ బాగుంటుంది కదా? గోడకు ఆనించిన నిచ్చెనకు వాలు అంటాం.

కర్నూలు నుంచి: ఇంటి దగ్గరైతే బాగుండేది. ఏటిమీద ‘వాలు’ అంటే నీరు పారే వైపు. వాలుకు పోవడం, ఎదురుకు పోవడం అనే జంట పడవవాళ్లకు ఎప్పుడూ నోట్లో ఉండేదే. “వాలు తగ్గించు” అంటే మోటారు గురించో ప్రవాహం గురించో తేలదు. పడవలో చెప్పే మాట ఒక్కసారి వినగానే తెలియాలి, అందుకే వంపు.

కడప నుంచి ఒకరు: నిఘంటువుల్లో ముక్కుకు ‘అణియం’, వెనక భాగానికి ‘అమరం’ ఉన్నాయి. అవి వాడకూడదా?

కర్నూలు నుంచి: చాలా మంచి మాటలవి, పోకుండా చూసుకోవాల్సినవి. సముద్రం మీది పడవల గురించి రాసేటప్పుడు నేను వాడతాను. ఈ పుస్తకం మాత్రం సంగమేశ్వరం వైపు నీళ్లలో పడవ నడిపేవాళ్ల కోసం. వాళ్లు ముక్కు అంటారు, వెనక అంటారు. రేవులో తప్పు వెతుక్కునే మనిషి చేతికి నిఘంటువు ఇవ్వలేం.

నందికొట్కూరు నుంచి: మలుపులో ఇంజను ఒక్కసారిగా గీపెడుతుంది, పడవ మాత్రం కదలదు. దీనికేమనాలి?

కర్నూలు నుంచి: ‘గాలి పీల్చడం’. పైనుంచి గాలి పంకాలోకి దిగితే దానికి నీటి పట్టు పోతుంది. పంకా పైన ఉండే బల్లపరుపు పలక దాన్ని ఆపడానికే. ఆ పలక పడవ అడుగుకు దాదాపు సమంగా ఉండాలి. బాగా పైకి ఉంటే మోటారు ఎత్తులో ఉన్నట్టు. మోటారు కాలు పొట్టిది సుమారు 15 అంగుళాలు, పొడుగుది 20. మోటారును తగిలించే పడవ వెనక గోడ ఎత్తు దానికి సరిపోయిందో లేదో టేపుతో కొలవండి. వంపు మరీ బయటికి ఉన్నా మలుపుల్లో ఇదే జరుగుతుంది. పంకా పైనున్న ఆ పలకను చాలామంది ‘కేవిటేషన్ ప్లేటు’ అంటారు, కానీ కేవిటేషన్ వేరే సంగతి. కేవిటేషన్‌లో బయటి గాలి ఉండదు, పంకా రెక్క మీద ఒత్తిడి పడిపోయి నీరే ఆవిరి బుడగలవుతుంది. పంకా రెక్క అంచు దెబ్బతిన్నా అలా జరగవచ్చు, కాబట్టి అంచులు కూడా తడిమి చూడమనండి.

ఇంకొకటి. గుంజుడు పోవాలని వెంటనే తోకరెక్క విప్పకండి. కుదురు, వంపు మార్చాక మళ్లీ నడిపి చూస్తే గుంజుడు మారుతుంది. మామూలుగా వెనకనుంచి చూస్తే కుడివైపు తిరిగే పంకాకు వంపు లోపలికైతే కుడికి, బాగా బయటికైతే ఎడమకు గుంజుతుంది. అప్పటికీ మిగిలితే, ఆయన ఎక్కువగా నడిపే వేగంలో చూసుకుని రెక్కను కాస్త తిప్పి బిగించాలి. ఈ పరీక్షలన్నీ లైఫ్ జాకెట్ వేసుకుని, ఇంజను ఆపే తాడు చేతికి కట్టుకునే చేయాలి. పుస్తకంలో ఆ మాట మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయండి అన్నా.