ఆగా షాహిద్ అలీని కశ్మీరు కవి అనవచ్చా?

పాతపుస్తకం:
శ్రీనగర్‌లో పెరిగి, అమెరికాలో పాఠాలు చెప్పుకుంటూ 2001లో ఆమ్‌హర్స్ట్‌లో చనిపోయిన షాహిద్ అలీని కశ్మీరు గొంతు అంటున్నారు. ఆయన కవిత్వమంతా ఇంగ్లీషే. కశ్మీరీలో పాడిన పాతకాలపు కవయిత్రి లల్ దేద్ పుట్టిన నేలకు ఇంగ్లీషు గొంతేమిటి?

మంజీర:
1990లో కశ్మీరులో నెలల తరబడి ఉత్తరాలు బట్వాడా కాలేదు. 1997లో వచ్చిన 'ద కంట్రీ వితౌట్ ఎ పోస్టాఫీస్' ఆ బాధలోంచి వచ్చిందే. కశ్మీరు కవి కాకపోతే మరెవరండీ?

కందపద్యం:
గజల్‌కు రదీఫ్ (చివర మళ్ళీ మళ్ళీ వచ్చే మాట), కాఫియా (దాని ముందు వచ్చే ప్రాస) ఉండి తీరాలని ఇంగ్లీషు కవులతో పోరాడాడు. 2000లో అలాంటి గజళ్ళతో సంకలనం కూడా తెచ్చాడు.

పాతపుస్తకం:
రదీఫ్ ఇంగ్లీషులో అతకదు. ఉర్దూలో వాక్యం చివర క్రియ వస్తుంది కాబట్టి ప్రతి షేర్ (రెండు పాదాల ద్విపద) చివరా ఒకే మాట హాయిగా కూర్చుంటుంది. తెలుగులోనూ అంతే, సినారె గజళ్ళు చూడండి.

కందపద్యం:
'టునైట్' రదీఫ్‌గా ఆయన రాసిన గజల్ చదివారా? అందులో ఎక్కడ అతకలేదో చెప్పండి.

పాతపుస్తకం:
ఒక్కటి కుదిరితే సరిపోదు.

మంజీర:
మళ్ళీ రదీఫేనా! వాళ్ళమ్మ అమెరికాలో చనిపోతే కశ్మీరుకు తీసుకెళ్ళి ఖననం చేశారు. ఆ ప్రయాణాన్ని చివరి రోజుల్లో పుస్తకం చేశాడు. అది ఏ భాషలో ఉంటే ఏం? నేను మా కరీంనగర్ మీద ఇంగ్లీషులో రాసి ఒక పత్రికకు పంపితే, 'మీరు మనవాళ్ళు కారు' అని తిప్పి పంపారు. మీ మాటా అదే.

పాతపుస్తకం:
నేను మిమ్మల్ని అనలేదు.

మంజీర:
అన్నారండీ. ఇంగ్లీషులో రాస్తే ఊరు పోతుందన్నట్టే మాట్లాడుతున్నారు.

పాతపుస్తకం:
సరే, చెప్తాను. డల్లాస్‌లో ఉన్న మా మనవరాలు వాళ్ళ నానమ్మ మీద కవిత రాసింది, ఇంగ్లీషులో. బాగుంది. కానీ మా ఆవిడకు ఇంగ్లీషు రాదు. తన గురించి రాసింది తానే చదువుకోలేకపోయింది. కశ్మీరులో ఎంతమంది తల్లులది ఇదే పరిస్థితో! నా గొడవంతా అదే.

కందపద్యం:
ఈ ముక్క మొదటే అని ఉంటే రదీఫ్ దాకా వెళ్ళేవాళ్ళం కాదు.

మంజీర:
ఆవిడకు మీరు తెలుగులో చెప్పి వినిపించారా?

పాతపుస్తకం:
లేదమ్మా, కోపం వచ్చి పక్కన పెట్టేశాను. ఈ రాత్రికి చదువుతాను. అయినా ఆయన కశ్మీరీలో రాయాల్సిందనే అంటాను.